బ్రహ్మకమలం పూసే రాత్రికి

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఆకు అంచున గంటు పడిన చోట వేలాడుతున్నది మొగ్గే. పురుగు అనుకుని గిల్లేయకు. నిజానికి అది ఆకు కూడా కాదు, బల్లపరుపుగా సాగిన కాండం. ఈ మొక్క నాగజెముడుకు చుట్టం. ముళ్ళు లేవు కాబట్టి ఎవరూ పోల్చుకోరు. పుట్టిల్లు మెక్సికో వైపు అడవులు. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరే మొక్క. మన ఇళ్ళలో దీనికి ఆ పేరే స్థిరపడిపోయింది, ఇప్పుడు మార్చబోతే నవ్వుతారు.

పూయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా కుండీని జరపకు. ఒక ఏడాది చుట్టాలు వస్తున్నారని నేను మొగ్గలున్న కుండీని వరండాలోంచి ముందుగదిలోకి మోయించాను. నాలుగు రోజుల్లో ఐదు మొగ్గలూ పసుపుపచ్చగా మారి రాలాయి. చుట్టాలకు టీ ఇచ్చి పంపాను. నీ దగ్గరకు ఎవరైనా వస్తే పిల్లలమర్రికి తీసుకెళ్ళు, అది ఎప్పుడు వెళ్ళినా ఉంటుంది.

పొద్దుటి ఎండ చాలు. మట్టి పైపొర ఆరిన తరువాతే నీళ్ళు పోయాలి, కుండీ అడుగున నిలవనివ్వకు. మహబూబ్‌నగర్‌లో మీ నీళ్ళ సంగతి నాకు తెలియదు. మా నల్లగొండ బోరు నీళ్ళకు కుండీ అంచున తెల్లటి ఉప్పు కడుతుంది. ఫ్లోరైడ్‌తో మనుషుల ఎముకలే వంగిపోయిన జిల్లా ఇది, మొక్కను ఏమనుకోవాలి? వాన పడిన రోజు రెండు బకెట్లు పట్టిపెట్టి అవే పోస్తాను.

ఇక అసలు సంగతి. పూసే రాత్రిని క్యాలెండర్‌లో వెతకకు, మొగ్గ మెడను చూడు. మొదట అది నేలకు వేలాడుతుంది. పూసే ముందు రోజుల్లో తొడిమ గొడుగు పిడిలా వంగి, మొగ్గ ముఖం పైకి లేస్తుంది. పొట్ట ఉబ్బుతుంది, ఎర్రటి పొట్టు రేకుల సందుల్లోంచి తెలుపు కనిపిస్తుంది. ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు మొగ్గ కొన వదులై, చిన్న రంధ్రం పడినట్టుంటే ఆ రాత్రికే. రంధ్రం లేకపోతే వెళ్ళి పడుకో. నేను తొలిసారి తొందరపడి వరుసగా రెండు రాత్రులు మేలుకుని, మూడో రాత్రి నిద్రపోయాను. అది మూడో రాత్రే పూసింది.

అందరూ పదకొండు గంటలకు వచ్చి, పూర్తిగా విచ్చిన పువ్వు పక్కన నిలబడి ఫోటో దిగి వెళతారు. వాళ్ళు చూసేది అయిపోయిన పని. నువ్వు ఎనిమిదింటికల్లా అన్నం తినేసి, కుర్చీ వేసుకుని కూర్చో. మొదట బయటి సన్నటి రేకులు ఒక్కొక్కటే మొగ్గను వదిలి వెనక్కు వంగుతాయి. ఆ తరువాత చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. అక్కడే జనం లేచి ఫోను చూసుకుంటారు. నువ్వు లేవకు. ఒక తెల్ల రేకునే గురిపెట్టి చూస్తూ ఉంటే, అది చిన్నగా అదిరి, పక్క రేకు నుంచి గోరంత ఎడం జరుగుతుంది. గాలి లేకపోయినా అదురుతుంది. ఆ అదురు చూశావంటే నిద్ర దానంతటదే పోతుంది. లోపల వందల కేసరాలు, వాటి మధ్య నుంచి నక్షత్రంలా చీలిన తెల్లటి కీలాగ్రం బయటపడతాయి.

పువ్వు విచ్చుతున్న కొద్దీ వాసన చిక్కబడుతుంది. చీకట్లో ఎగిరే పెద్ద రెక్కపురుగులను పిలవడానికే ఆ తెలుపూ, ఆ వాసనా. కాబట్టి అగరుబత్తి వెలిగించకు. మీ అత్తగారు హారతి ఇస్తానంటే కాదనకు, కర్పూరం మాత్రం రెండడుగుల దూరంలో వెలిగించమను. దోమల చుట్ట కూడా వద్దు, నిండు చేతుల జాకెట్టు వేసుకో. ట్యూబులైటు ఆర్పేసి, పక్క గది వెలుతురు పడేలా తలుపు ఓరగా తీసిపెట్టు, చాలు. మీ పెద్దనాన్న ఒకసారి టార్చి పువ్వు మీదే వేసి నాతో మాటలు పడ్డారు.

తెల్లారేసరికి పువ్వు తడి గుడ్డలా వేలాడుతుంది. దిగులు పడకు, ఏ తప్పూ జరగలేదు. అది దానంతటదే రాలిపోతుంది, పీకితే ఆకు అంచు చీలుతుంది. ఎదురింటివాళ్ళు కొమ్మ అడిగితే వానలు తగ్గాక జానెడు ముక్క కోసి, కోసిన చోటును నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి ఇవ్వు. పచ్చిగా నాటితే కుళ్ళుతుంది. పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుందని ముందే చెప్పు, లేకపోతే ప్రతి నెలా వచ్చి నిన్ను అడుగుతారు.

రేకు అదరడం చూసిన తరువాత నాకు ఫోను చేయి, ఎంత రాత్రయినా సరే. వీడియో కాల్ చేయకు, దానికోసం నువ్వు లైటు వేస్తావు.

నీ పెద్దమ్మ