పీహెచ్‌డీ టాపిక్ మార్చుకోమని మా అమ్మాయికి చెప్పమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసి, సీఎస్‌ఐఆర్ వారి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్‌కు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరింది. ఇప్పుడు రెండో ఏడు. టాపిక్ ఆస్టియోసార్కోమా, ఎక్కువగా టీనేజీ పిల్లల్లో వచ్చే ఎముక క్యాన్సర్. ఏడాదిన్నరలో పదకొండు శాంపిల్సే దొరికాయట. అందులో సగం పనికిరాలేదట. గైడ్ మంచివారే గానీ నెలకోసారి కూడా దొరకరు. పని నేర్పే సీనియర్ అమెరికా వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నా నాన్నా’ అంటుంది గానీ ఆ గొంతు బాగుండదు. రొమ్ము క్యాన్సర్ లాంటి పెద్ద టాపిక్‌కు మారమని చెప్పమంటారా? ఇంత అరుదైన జబ్బు మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మారమని ఇప్పుడే చెప్పకండి. నలుగురు చూసుకోవాల్సిన పిల్లను ఒక్కరే, అదీ తీరిక లేని మనిషి చూసుకుంటున్నారు. మీ ఉత్తరంలో నాకు కనపడిన ఇబ్బంది అది. రొమ్ము క్యాన్సర్‌కు మారినా గైడ్ ఆయనే, ఆయన తీరికా అంతే. చేసిన ఏడాదిన్నర పని మాత్రం పోతుంది.

ముందు ఆ పదకొండు శాంపిల్స్ సంగతి చూద్దాం. ఈ జబ్బులో మొదట చిన్న బయాప్సీ ముక్క తీస్తారు. అది జబ్బు ఏమిటో తేల్చడానికే సరిపోతుంది, రీసెర్చ్‌కు మిగిలేది తక్కువ. తర్వాత కొన్ని వారాలు కీమో ఇచ్చి, అప్పుడు ఆపరేషన్ చేస్తారు. బయటికి వచ్చే గడ్డ పెద్దదే గానీ, కీమో బాగా పనిచేసి ఉంటే అందులో చాలా భాగం చచ్చిపోయిన కణాలే. పేషెంట్‌కు అది శుభవార్త, మీ అమ్మాయికి మాత్రం కష్టం. ఇంకా ఉంది. ఎముక గట్టిగా ఉంటుంది కాబట్టి, పలచగా కోయడానికి వీలుగా యాసిడ్‌లో నానబెట్టి కాల్షియం తీసేస్తారు. దీన్నే డీకాల్సిఫికేషన్ అంటారు. ఆ యాసిడ్ డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను దెబ్బతీస్తుంది. సగం శాంపిల్స్ పాడయ్యాయంటే నేనైతే ముందు ఇక్కడే అనుమానిస్తాను.

దీనికి మందు మొదటి మనిషి దగ్గరుంది: ముక్కను పరీక్షించి జబ్బు తేల్చే పాథాలజీ డాక్టర్. యాసిడ్‌లో వేయకముందే గడ్డలో మెత్తగా ఉన్న చోట ఒక ముక్క కోసి పక్కన పెట్టించగలిగేది ఆ డాక్టరే. గట్టి ముక్కలైతే, కాల్షియాన్ని మెల్లగా తీసే ఈడీటీఏ అనే రసాయనంలో నానబెట్టవచ్చు. దానికి రోజులు పడతాయి గానీ డీఎన్‌ఏ కాస్త దక్కుతుంది. ల్యాబ్‌లో పెరిగిన బయాలజీ గైడ్‌కు ఈ విషయం తెలిసినా, హాస్పిటల్‌కు వెళ్లి మాట్లాడే తీరిక ఉండదు. కాబట్టి మీ అమ్మాయే వెళ్లాలి. ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బా తెచ్చుకోవడానికి వెళ్లడం కాదు నేననేది. వారానికోసారి క్యాన్సర్ హాస్పిటల్స్‌లో సర్జన్లు, పాథాలజిస్టులు, కీమో డాక్టర్లు కలిసి కేసులు మాట్లాడుకునే ట్యూమర్ బోర్డ్ ఉంటుంది. వెనక కుర్చీలో కూర్చుని వినడానికి అనుమతి అడగమనండి. రెండు నెలలు క్రమం తప్పకుండా కనపడే పిల్లను డాక్టర్లు గుర్తుపెట్టుకుంటారు. ఆ పాథాలజిస్ట్‌ను కో-గైడ్‌గా పెట్టుకోవడానికి యూనివర్సిటీ ఒప్పుకుంటే మరీ మంచిది. శాంపిల్ తీసే పద్ధతి మారితే ఎథిక్స్ కమిటీ అనుమతిలోనూ ఆ మార్పు రాయించాలి. పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ అన్నది కూడా ముందే మెయిల్‌లో తేల్చుకోవాలి. తర్వాత మొహమాటపడి బాధపడ్డ పిల్లలను చాలామందిని చూశాను.

పదకొండు అంకె తక్కువే, నిజమే. కానీ ఈ రంగం మొదటి నుంచీ చిన్న అంకెలతోనే నడిచింది. ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లో క్యాన్సర్‌కు ‘రెండు దెబ్బల’ సిద్ధాంతం (ఒక జన్యువు రెండు ప్రతులూ దెబ్బతినాలని) చెప్పింది రెటినోబ్లాస్టోమా అనే అరుదైన కంటి క్యాన్సర్ కేసులు 48 చూసే. ఫైబ్రోలామెల్లార్ అనే లివర్ క్యాన్సర్ వచ్చి తగ్గిన అమెరికన్ అమ్మాయి ఎలానా సైమన్, హైస్కూల్లో ఉండగానే ఆ జబ్బు వెనకున్న జన్యు మార్పును కనిపెట్టే పనిలో చేరింది. 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ పేపర్‌లో పేషెంట్లు 15 మందే, పదిహేను మందిలోనూ అదే మార్పు. అయితే ఆ అమ్మాయి వెనక రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ల్యాబ్ నడిపే తండ్రి, ఆపరేషన్ చేసిన సర్జన్, సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల వరుస చదవడం) తెలిసినవాళ్లు ఉన్నారు. అందరికీ అలాంటి నాన్న దొరకడు కదా, మిగతావాళ్లు ఆ మనుషులను వెతికి తెచ్చుకోవాలి. మీ అమ్మాయి జబ్బునే తీసుకోండి. ఆస్టియోసార్కోమా చికిత్స మీద జరిగిన యూరామోస్-1 ట్రయల్‌లో 2,260 మందిని చేర్చడానికి 17 దేశాలు కలవాల్సి వచ్చింది.

అందుకే కావాల్సిన రెండో మనిషి, డేటా తెలిసినవాళ్లు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వారి ‘టార్గెట్’ ప్రాజెక్టులో ఆస్టియోసార్కోమా జన్యు సమాచారం కొంత అందరికీ అందుబాటులో ఉంది. శాంపిల్స్ రాని నెలల్లో దాని మీద పని చేస్తే చేయి ఖాళీగా ఉండదు, చిన్న పేపర్ కూడా రావచ్చు. డేటా పనికి వాడే ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు నేర్పే స్నేహితుడు పక్క ల్యాబ్‌లోనే ఉంటాడు, అడగాలి అంతే. మూడో మనిషి, మూడునాలుగేళ్లు ముందున్న సీనియర్. అమెరికా వెళ్లిన అబ్బాయే పదిహేను రోజులకో అరగంట వీడియో కాల్‌కు ఒప్పుకోవచ్చు. కణాలకు మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టింది, ప్రొటీన్లు చూసే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష రాలేదు లాంటి గోడు ప్రొఫెసర్లకు చెప్పుకోలేరు, సీనియర్లకు చెప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక పక్క మాట. ఈ ఎముక క్యాన్సర్ మనుషుల్లో కంటే కుక్కల్లో, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, చాలా ఎక్కువ. రెండింటికీ పోలికలూ ఎక్కువే. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. అక్కడి పాథాలజీ వాళ్లతో ఒకసారి మాట్లాడమనండి. నవ్వకండి, ఇది ప్రపంచమంతా సీరియస్‌గా చేస్తున్న పనే.

ఇక నాలుగో మనిషి, గైడ్. ‘సర్, మాట్లాడాలి’ అంటే బిజీ మనిషి దొరకడు. మెయిల్ ఇలా ఉండాలి: ‘సర్, ఈ మధ్య వచ్చిన నాలుగు శాంపిల్స్‌లో రెండింటి నుంచి ఆర్‌ఎన్‌ఏ రాలేదు. కారణం డీకాల్సిఫికేషన్ అనుకుంటున్నాను. పాథాలజీ మేడమ్‌ను కలవడానికి మీ అనుమతి కావాలి. గురువారం పది నిమిషాలు ఇస్తారా?’ ఒప్పుకోవడం ఆయనకు సులువవుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి. చాలామంది పిల్లలు దాన్ని వైవాలా భయపడి, అంతా బాగుందని చెప్పి బయటపడతారు. శాంపిల్స్ ఇబ్బందిని అక్కడే స్లైడ్ మీద పెట్టాలి. అది మినిట్స్‌లోకి ఎక్కితే బాధ్యత ఆమె ఒక్కదానిదే కాకుండా పోతుంది.

డబ్బు విషయం క్లుప్తంగా. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత మదింపులో పాసైతే 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. అప్పుడు అడగకముందే అద్దె డబ్బులు వేసేయండి. ఉద్యోగమంటారా, అక్కడ అడిగేది జబ్బు పేరు కంటే ఎక్కువగా సీక్వెన్సింగ్, సెల్ కల్చర్, డేటా, హాస్పిటల్‌తో కలిసి పనిచేసిన అనుభవం. పైగా అరుదు అన్న మాటకు భయపడకండి. యూరప్ లెక్కలో ఏటా లక్షమందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చేది అరుదైన క్యాన్సర్. అలాంటివన్నీ కలిపితే అక్కడి కొత్త కేసుల్లో ఐదింట ఒకటికి పైనే. పీహెచ్‌డీ అయ్యాక హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉన్న, రీసెర్చ్‌కు నిధులిచ్చే ఇండియా అలయన్స్ సంస్థ వారి ఎర్లీ కెరీర్ ఫెలోషిప్‌కు ప్రయత్నించవచ్చు.

ఇవన్నీ చేసి ఆరు నెలలైనా పాథాలజీ తలుపు తెరుచుకోక, గైడ్ మెయిల్‌కు బదులివ్వకపోతే అప్పుడు మార్పు గురించి మాట్లాడదాం. అప్పుడైనా మొత్తం మార్చాల్సిన పని లేదు. శాంపిల్స్ పని తగ్గించి సెల్ లైన్లు (ల్యాబ్‌లో పెంచుతూ ఉండే క్యాన్సర్ కణాలు), డేటా వైపు జరిపితే చాలు.

మీరు చేయాల్సింది ఒకటుంది. ‘ఎప్పుడైపోతుందమ్మా’ అని అడగడం మానేయండి. బంధువులు అడిగితే మీరే సమాధానం చెప్పండి, ఫోన్ ఆమెకు ఇవ్వకండి. ‘ఈ వారం ఏం చేశావ్?’ అని అడిగి, అర్థం కాకపోయినా వినండి. గొంతు బాగుండదన్నారు కదా, నిద్ర, తిండి తగ్గాయేమో కనుక్కోండి. తగ్గితే ఒకసారి హైదరాబాద్ వెళ్లి రెండు రోజులు ఉండిరండి, క్యాంపస్ కౌన్సెలర్‌ను కలవమని చెప్పండి.

వచ్చే కమిటీ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని నాకు రాయండి. నెలన్నర టైముంటే ముందు పాథాలజీ, వారమే ఉంటే ముందు ఆ స్లైడ్.