‘అష్ ఫార్పష్’ రాసింది రమాల్యోనా, ఎసానా?

‘అష్ ఫార్పష్’ అంటే రమాల్యో ఒర్తిగావ్, ఎసా ద కైరోష్ అనే పోర్చుగీసు రచయితల వ్యంగ్య వ్యాసాల వరుస. మీరు చూస్తున్నవి దాని రెండు వేర్వేరు ప్రచురణలు, తికమకంతా అక్కడే. కేటలాగ్‌లో 1871, ఇద్దరు రచయితలు అని ఉంది, మీ దగ్గరున్న సంపుటం మీద 1887, రమాల్యో ఒర్తిగావ్ పేరొక్కటే ఉంది అన్నారు. రెండూ కరెక్టే.

1. 1871లో లిస్బన్‌లో చిన్న పుస్తకాలుగా మొదలుపెట్టింది రమాల్యో, ఎసా ద కైరోష్ కలిసి. (పోర్తోలో రమాల్యో ఫ్రెంచ్ చెప్పిన స్కూల్లోనే ఎసా చదివాడు, అంటే గురుశిష్యుల జోడీ!)

2. 1872 చివర్లో ఎసా పోర్చుగల్ కాన్సుల్‌గా (దౌత్యాధికారిగా) క్యూబాలోని హవానా వెళ్లిపోయాడు. ఆపైన 1882 దాకా లాక్కొచ్చింది రమాల్యో ఒక్కడే.

3. 1887 నుంచి రమాల్యో తన వాటా వ్యాసాలను అదే పేరుతో మళ్లీ వేశాడు, అదీ తేదీల వరుసలో కాదు, విషయాల వారీగా. అందుకే మీకు ఎసా పేరు దొరకలేదు.

4. ఎసా వాటా 1890-91లో ‘ఉమ కంపాన్య అలెగ్ర’ అనే పేరుతో విడిగా వచ్చింది.

చాలామంది వదిలేసేది ఇది: ఆ పుస్తకం కోసం ఎసా తన పాత వ్యాసాలను బాగా దిద్దాడు. కాబట్టి అందులోంచి ఒక వాక్యం తీసి ‘ఎసా 1871లో ఇలా అన్నాడు’ అని రాసేస్తే తప్పయ్యే ప్రమాదం ఉంది. వ్యాసం ఎవరిదో తేల్చుకోవడానికి ‘కంపాన్య’లో వెతకండి, కోట్ మాత్రం 1871-72 నాటి మొదటి అచ్చు నుంచే తీసుకోండి.

1872 తర్వాతి సంచికలైతే ఈ టెన్షన్ లేదు, రమాల్యో పేరే పెట్టేయండి.