నాలుగు నెలల కాకటీల్‌ను ప్రతి వారాంతం హైదరాబాద్ నుంచి విజయవాడకు తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు. విజయవాడలోని అమ్మగారింటికి శుక్రవారం రాత్రి కారులో బయలుదేరుతున్నామని, పెద్ద పంజరాన్నే వెనక సీట్లో పెడుతున్నామని, దారంతా అరుస్తోందని, విజయవాడ చేరాక మర్నాడు మధ్యాహ్నం దాకా గింజ ముట్టడం లేదని రాశారు. అరుపుల కంటే ఆ తినకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. కాకటీల్ అంటే తల మీద తురాయి ఉండే చిన్న పెంపుడు చిలక జాతి పక్షి, దాని మొత్తం బరువే 80 నుంచి 100 గ్రాములు. అంత చిన్న ఒంట్లో నిల్వ ఏమీ ఉండదు, ఒక పూట పస్తు కూడా దానికి పెద్దదే.

ముందుగా విజయవాడ ఇంటికి రెండో పంజరం కొనండి. ఖర్చే, కానీ ప్రతివారం ప్రయాణం ఉన్నప్పుడు ఇది తప్పదు. కనీసం 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు ఉండాలి. ఊచల మధ్య సందు 12 నుంచి 15 మిల్లీమీటర్లు చాలు, ఎక్కువైతే తల ఇరుక్కుంటుంది. వీలైతే హైదరాబాద్‌లో ఉన్న మోడలే తీసుకోండి. కూర్చునే పుల్లలు అదే ఎత్తులో, గిన్నెలు అదే రంగులో, అదే వైపున, బొమ్మలు కూడా అవే రెండేసి కొని పెట్టండి. పిల్ల పక్షి తిండి దొరికే చోటుకు, గిన్నెకు అలవాటు పడుతుంది. ఎడమవైపు స్టీలు గిన్నెలో తినే పిట్టకు కుడివైపు ప్లాస్టిక్ గిన్నె పెడితే, నిండా గింజలున్నా అది తిండి అని పోల్చుకోకపోవచ్చు. మీ పిట్ట అక్కడ తినకపోవడానికి ఎక్కువగా ఇదే కారణమై ఉంటుంది. పంజరం ఒక వైపు గోడకు ఆని ఉండాలి. నాలుగు వైపులా ఖాళీగా ఉంటే భయం తగ్గదు.

తిండి మార్చవద్దు. అదే గింజల మిశ్రమం, అదే పెల్లెట్ (గుళికల మేత) గాలి చొరబడని డబ్బాలో తీసుకెళ్లండి. విజయవాడ ఉక్కపోతలో విడిగా వదిలేసిన గింజలకు బూజు పడుతుంది, ఆ బూజు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులకు తాగే నీళ్లు కూడా హైదరాబాద్ నుంచే పట్టుకెళ్లండి.

ఇక క్యారియర్, అంటే ప్రయాణంలో పిట్టను ఉంచే చిన్న పెట్టె. పిల్లుల కోసం అమ్మే గట్టి ప్లాస్టిక్ క్యారియర్‌లో చిన్న సైజు సరిపోతుంది. పిట్ట వెనక్కి తిరగగలగాలి, తోక వంగకూడదు, కానీ రెక్కలు పూర్తిగా చాచి కొట్టుకునేంత చోటు ఉండకూడదు. పెద్ద పంజరంతో వచ్చే ఇబ్బంది ఇదే: సడన్ బ్రేకు వేస్తే పిట్ట విసురుగా ఊచలకు తగిలి రెక్కలో రక్తం నిండిన కొత్త ఈక విరుగుతుంది, ఆగకుండా రక్తం కారుతుంది. నేల నుంచి రెండు అంగుళాల ఎత్తులో ఒకే పుల్ల బిగించండి, జారకుండా దానికి గాజుగుడ్డ చుట్టండి. కింద పాత తువ్వాలు, దానిపై టిష్యూ కాగితం. వేలాడే బొమ్మలు, గంటలు వద్దు. నీళ్ల గిన్నె కూడా వద్దు, తొణికి ఒళ్లు తడిసి ఏసీలో వణుకుతుంది. కీరదోస ముక్కలు రెండు, ఒక కొర్ర కంకి పెడితే చాలు. భయపడిన కాకటీల్ కూడా కొర్ర కంకిని కాదనడం అరుదు.

క్యారియర్‌ను ప్రయాణం రోజున మాత్రమే బయటికి తీస్తే అది బోను అయిపోతుంది. తలుపు తీసి, లోపల కొర్ర కంకి పెట్టి, వారం రోజులు హాల్లోనే ఉంచండి. తనంతట తాను లోపలికి వెళ్లి తిన్నాక ఒక నిమిషం, తర్వాత ఐదు నిమిషాలు తలుపు మూయండి. తర్వాత ఇంజిన్ ఆపిన కారులో కూర్చోబెట్టండి. ఆపై వీధి చివరిదాకా, తర్వాత ఇరవై నిమిషాలు. తురాయి సగం లేచి, అటూఇటూ చూస్తూ ఉంటే మనసు కుదుటపడినట్టే. తురాయి తలకు అతుక్కుపోయి బుస కొడుతుంటే తొందరపడ్డారన్నమాట, ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

శుక్రవారం రాత్రి ప్రయాణం మానుకుని శనివారం తెల్లవారుజామున ఐదుకు బయలుదేరండి. ఎదురుగా వచ్చే లారీల హెడ్‌లైట్లు చీకట్లో ఒక్కసారిగా మెరిస్తే కాకటీల్‌లు బెదిరి గుడ్డిగా కొట్టుకుంటాయి. ఈ జాతికి అది మరీ ఎక్కువ. రాత్రే తప్పనిసరైతే క్యారియర్ మీద పల్చని నూలు గుడ్డ కప్పండి. పగలైతే మూడు వైపులా కప్పి, పక్కన కూర్చున్నవారు కనిపించే వైపు తెరిచి ఉంచండి.

క్యారియర్ వెనక సీట్లో, సీటు బెల్టుతో బిగించి ఉండాలి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే పక్షి బతకదు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, 25 డిగ్రీల దగ్గర ఉంచండి. కారులో వేలాడే సెంటు డబ్బా తీసేయండి. బయలుదేరడానికి రెండు గంటల ముందు మామూలుగా తిననిచ్చి, చివరి గంటలో కడుపు నిండా పెట్టవద్దు. కొన్నింటికి కారు కుదుపులకు కక్కు వస్తుంది. గంటన్నరకోసారి ఆగి గిన్నెలో నీళ్లు చూపించండి. దాదాపు సగం దారిలో సూర్యాపేట దగ్గర టిఫిన్‌కు ఆగితే ఒకరు కారులోనే ఏసీ వేసుకుని కూర్చోవాలి. ఎండలో ఆపిన కారు పది నిమిషాల్లోనే కొలిమి అవుతుంది. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే వడదెబ్బ మొదలైందని అర్థం. కాళ్లను మామూలు చల్లని నీటితో తడపండి, ఐసు నీళ్లు పోయకండి. దారిలో రెట్ట పల్చగా నీళ్లలా పడితే కంగారు పడకండి, అది బెదురు. చేరిన మూడు నాలుగు గంటల్లో గట్టిపడాలి.

చేరగానే నేరుగా పంజరంలోకి పంపి, తిండి నీళ్లు చూపించి, అరగంట ఎవరూ దగ్గరికి వెళ్లవద్దు. చుట్టాలకు, పక్కింటి పిల్లలకు సాయంత్రం చూపించవచ్చు. రెండు ఇళ్లలోనూ ఒకే వేళకు దీపం ఆపి, పది పన్నెండు గంటలు నిద్ర పోనివ్వండి, చిన్న బెడ్‌లైటు ఉంచండి. గ్రాముల్లో చూపే వంటింటి కాటా కొని, రెండు చోట్లా ఉదయం తిండికి ముందు తూచండి. రోజుకు రెండు మూడు గ్రాముల తేడా మామూలే. 90 గ్రాముల పిట్ట తొమ్మిది గ్రాములు తగ్గితే ఆ రోజే పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. విజయవాడలో అలాంటి డాక్టరు ఎవరో ముందే కనుక్కుని ఉంచుకోండి.

పెద్దవాళ్ల ఇంట్లో ప్రమాదాలు వేరేగా ఉంటాయి. దోమల చక్రం, సాంబ్రాణి, అగరొత్తుల పొగ పక్షి ఊపిరితిత్తులకు విషంతో సమానం. పూజ గది పక్కన పంజరం పెట్టవద్దు, దోమలకు పంజరం మీద దోమతెర వేయండి. అట్లకు నాన్‌స్టిక్ పెనం వాడుతుంటే అమ్మగారిని బతిమాలైనా ఇనుప పెనానికి మార్పించండి. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడితే వచ్చే ఆవిరితో పక్షులు నిమిషాల్లో చనిపోతాయి. సీలింగ్ ఫ్యాను తిరుగుతుండగా పంజరం తలుపు తీయకూడదన్న మాట ఇంట్లో అందరికీ తెలియాలి. పెరట్లో నాటు కోళ్లుంటే వాటిని ముట్టుకున్న చేతులతో, చెప్పులతో పిట్ట దగ్గరికి రావద్దు. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు చిలక జాతికీ అంటుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటి వార్తలు వస్తున్నప్పుడు పిట్టను కదిలించకండి.

ఇది చదివే మరికొందరి కోసం: ఇంకా చేత్తో పౌడరు మేత తినిపిస్తున్న పక్షి పిల్లతో ఇలాంటి ప్రయాణాలు మొదలుపెట్టవద్దు. మెడ కింది సంచి నిండి ఉండగా కుదుపు తగిలితే ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సొంతంగా తినడం నేర్చి, బరువు రెండు వారాలు నిలకడగా ఉన్నాక చూడండి. రామచిలుకను అయితే అసలు పెంచకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలకు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం ఫోన్‌లో పెట్టుకోండి. మీ కాకటీల్‌కు ఆ అవసరం లేదు, కొన్న బిల్లు ఉంటే మంచిది.

ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ వెళ్తుంటే నెలా రెండు నెలల్లో అలవాటు పడుతుంది. ఒక్క పూటకే వెళ్లి వచ్చేటప్పుడు, మే నెల వడగాడ్పుల్లో, ఈకలు రాల్చే రోజుల్లో మాత్రం తీసుకెళ్లకండి. హైదరాబాద్ ఇంట్లోనే ఉంచి, తెలిసినవాళ్లను రోజుకు రెండుసార్లు వచ్చి నీళ్లు మార్చి, గిన్నెలో పొట్టు ఊది అసలు గింజలు మిగిలాయో లేదో చూడమనండి. పైన పొట్టు నిండి ఉంటే గిన్నె నిండుగానే కనిపిస్తుంది.