డబ్లిన్‌లో పాత ఐరిష్ పబ్ ఒక్కటే చూడాలంటే ఏది? మద్యం తాగనివారు వెళ్లవచ్చా?

నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. నేనూ మద్యం ముట్టను. డబ్లిన్‌లో ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో చాలా పబ్‌లలో కూర్చున్నాను. ఒక్కటే చూసే వీలుంటే గ్లాస్‌నెవిన్‌లోని జాన్ కావనా పబ్ చూడండి. అందరూ దాన్ని ‘గ్రేవ్‌డిగ్గర్స్’ అంటారు. సమాధులు తవ్వేవాళ్ల పబ్ అన్నమాట.

గ్లాస్‌నెవిన్ శ్మశానవాటిక గోడ పక్కనే ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు అక్కడి క్యాథలిక్కులకు సొంత శ్మశానాలు లేవు. ప్రొటెస్టెంట్ల అధీనంలోని స్థలాల్లో తమ పద్ధతిలో ప్రార్థన చేసుకుని ఖననం చేసే స్వేచ్ఛ కూడా లేదు. క్యాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ పట్టుబట్టి, 1832లో అన్ని మతాలవారి కోసం ఈ శ్మశానవాటికను తెరిపించారు. మరుసటి ఏడాదే, 1833లో, అప్పటి ప్రధాన ద్వారం పక్కన పబ్ వెలిసింది. తరతరాలుగా అదే కుటుంబం నడుపుతోంది. పని మధ్యలో దాహం వేస్తే సమాధులు తవ్వేవాళ్లు గోడ మీద చప్పుడు చేసేవారని, లోపలివాళ్లు గ్లాసులు అందించేవారని చెబుతారు. తర్వాత ప్రధాన ద్వారం ఫింగ్లస్ రోడ్డు వైపు మారింది. పబ్ ఉన్న ప్రాస్పెక్ట్ స్క్వేర్ మాత్రం ఇప్పటికీ నెమ్మదిగా, వాహనాల రద్దీ లేకుండా ఉంటుంది.

హైదరాబాదులో పబ్ అంటే చెవులు హోరెత్తించే సంగీతం. ఐరిష్ పబ్ అంటే చాలామందికి ఫిడేలు, పాటలు గుర్తొస్తాయి. ఇక్కడ రెండూ లేవు. టీవీ లేదు, పాట లేదు. పాత గదిలో చెక్క నేల, ఊగే తలుపులు, మాట్లాడుకునే మనుషులు. అంతే.

ఆ నిశ్శబ్దం ఎందుకో నాకు మొదటిసారి వెళ్లినప్పుడే తెలిసింది. మా కార్యాలయంలో పనిచేసే మిత్రుడి తండ్రి అంత్యక్రియలకు వెళ్లాం. మన ఇళ్లలో శ్మశానం నుంచి వస్తే స్నానం చేయనిదే గడప దాటనివ్వరు. అక్కడ మట్టి అంటిన బూట్లతోనే అందరూ పబ్‌లోకి నడుస్తుంటే నా మనసు ఒప్పుకోలేదు. వెళ్లిపోతానని చెప్పబోయాను. మిత్రుడి మేనత్త నా చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టింది. తర్వాత ఒక్కొక్కరే ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఇరుగుపొరుగువారి గడియారాలన్నీ ఉచితంగా బాగుచేసి, సొంత ఇంటి గడియారాన్ని మాత్రం ఏళ్ల తరబడి అలాగే వదిలేశారట. సమాధి దగ్గర ఒక్క మాటా మాట్లాడని నా మిత్రుడు అది విని నవ్వాడు. నవ్వుతూనే భోరుమన్నాడు. ఎవరూ ఓదార్చడానికి తొందరపడలేదు. గదిలో పాటో, క్రికెట్‌లా ఏదో ఒక ఆట టీవీలోనో నడుస్తూ ఉంటే ఆ మాటలు బయటికి వచ్చేవి కావని నా గట్టి నమ్మకం. చావు ఇంటి బరువు దించుకోవడానికి మనకు పదకొండో రోజు దాకా బంధువులుంటారు. వాళ్లకు ఆ మధ్యాహ్నం ఆ గది ఉంది.

కాబట్టి పర్యాటకులతో కిక్కిరిసే టెంపుల్ బార్ వీధి కంటే ముందు ఇక్కడికి వెళ్లండి. వారం మధ్యలో మధ్యాహ్నం పూట అయితే పాత గదిలో చోటు దొరుకుతుంది. పొద్దున శ్మశానవాటికను, దాని పక్కనే 1795లో మొదలైన జాతీయ ఉద్యానవనాన్ని చూసుకుని రావచ్చు. కాడిల్ అనే డబ్లిన్ వంటకం పేరున్నదే, కానీ అందులో పంది మాంసం ఉంటుంది, చూసుకోండి. కొంత నగదు దగ్గర ఉంచుకోండి. నలుగురితో వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొనడం అక్కడి మర్యాద. మీరు సోడా మాత్రమే తాగినా మీ వంతు తప్పించుకోవద్దు. మీ వెంట గిన్నిస్ అనే నల్ల బీరు తాగేవారుంటే, గ్లాసు కొంత వెలితిగా నింపి పక్కన పెట్టినప్పుడు చేయి చాపవద్దని చెప్పండి. నురుగు తేరుకున్నాక మిగతాది నింపి వాళ్లే అందిస్తారు.