లిఫ్ట్ చేసిన వీ-క్రాస్‌కి ఏ జాకీ కొనాలి? ఎక్కడ పెట్టి లేపాలి?

అడిగినాయన తన ఇసుజు వీ-క్రాస్ పికప్‌కి బండి ఎత్తు పెంచే 2 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించి పెద్ద టైర్లు ఎక్కించారట, షాపువాళ్ళేమో హైలిఫ్ట్ జాకీ (పొడుగు ఇనప కడ్డీ మీద హ్యాండిల్ కొడుతుంటే మెట్టుమెట్టుగా పైకెక్కేది) కొనమంటున్నారట. వద్దండీ. ఆ డబ్బుతో 5 టన్నుల బాటిల్ జాకీ (సీసాలా నిలబడి ఆయిల్ ఒత్తిడితో లేచేది) ఒకటి, జాకీ కింద వేసుకోడానికి అడుగు పొడుగు అడుగు వెడల్పు ఉండే మందపాటి చెక్క ఒకటి కొనుక్కోండి, ఇంకా మిగుల్తాయి.

హైలిఫ్ట్ చెడ్డ వస్తువని నేననను, 1905 నుంచి అమెరికాలో పొలాల్లో వాడుతున్నదే, కంచె గుంజలు కూడా దాంతో పీకుతారు. కానీ దానికి పట్టు దొరకాలంటే స్టీల్ బంపరో, డోర్ల కింద చాసిస్‌కి బిగించిన గట్టి ఇనప గొట్టాలో (వీటినే స్లైడర్లంటారు) ఉండాలి కదా. శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మన బండికి ముందున్నది ప్లాస్టిక్ బంపర్, పక్కల్లో ఉన్నది షాపువాళ్ళు వేసిన సైడ్ స్టెప్, అది మనిషి కాలు పెట్టి ఎక్కడానికి తప్ప బండిని మొయ్యడానికి కాదు.

పోయిన వానాకాలం మారేడుమిల్లి నుంచి గుడిసె కొండకి వెళ్ళే దారిలో నా కళ్ళముందే జరిగింది. మా ఫ్రెండు బండికి ఎడమ వెనక టైరు పక్క గోడ రాయి తగిలి చీలిపోయింది, ఎర్రమట్టి బాగా నాని ఉంది, ఎడమ పక్కంతా లోయ. వాడి తమ్ముడు బోనెట్ మీద కట్టుకొచ్చిన హైలిఫ్ట్ తీసి సైడ్ స్టెప్ కింద పెట్టి కొట్టడం మొదలెట్టాడు. బండి లేవట్లేదు, జాకీ అడుగే మట్టిలోకి దిగుతోంది, స్టెప్ బ్రాకెట్ వంగుతూ కిర్రుమంటోంది. ఆపరా అని నేను అరుస్తుంటే పైనుంచి టూరిస్టుల్ని దింపుకొస్తున్న లోకల్ జీపు డ్రైవరొకాయన బండి ఆపి దిగాడు. "బాబూ, ఆ పొడుగు జాకీ మెల్లిగా దింపెయ్యండి, బండి లోయకేసి వాలుతోంది" అన్నాడు.

ఆయన చేసింది చూడాలి. హ్యాండ్ బ్రేక్ వేయించాడు, ఫోర్-లోలో (నాలుగు చక్రాలకీ ఇంజన్ పట్టు ఉండే తక్కువ స్పీడు గేరింగు) పెట్టించి గేరు వేయించాడు, పల్లం వైపు టైర్లకి రాళ్ళు అడ్డం పెట్టాడు. వెనక ఒక టైరు గాల్లోకి లేస్తే ఉత్తి గేరు బండిని పట్టుకోదు, లేచిన చక్రం ఊరికే తిరిగిపోతుంది, ఫోర్-లోలో ఉంటే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. టైరు నేల మీద ఉండగానే వీల్ నట్లు లూజు చేశాడు. అప్పుడు మట్టి గీకి చెక్క వేసి, బాటిల్ జాకీ నిలువుగా పెట్టి, కమాను పట్టీల యు-బోల్టుల పక్కన హౌసింగ్ (వెనక రెండు చక్రాల మధ్య ఉండే యాక్సిల్ గొట్టం) కింద లేపాడు. మధ్యలో గేర్లుండే క్రౌన్ ఉబ్బు కింద కాదు, అక్కడ పెడితే బండి అటో ఇటో ఒరుగుతుంది. స్టెప్నీని చాసిస్ కింద పడుకోబెట్టాడు, జాకీ జారినా బండి దానిమీద కూర్చుంటుందని. టైరు మార్చినంతసేపూ ఎవర్నీ బండి కిందకి చెయ్యి పెట్టనివ్వలేదు.

మీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. వెనక చాసిస్ పట్టుకుని లేపితే మొదట వెనక కమాన్లు సాగుతాయి, టైరు నేలనొదిలేసరికి జాకీ ఎత్తు అయిపోతుంది, మీకు లిఫ్ట్ కిట్ ఉంది కాబట్టి ఇంకా తొందరగా అయిపోతుంది. హౌసింగ్ కింద పెడితే చక్రం వెంటనే లేస్తుంది. ముందు వైపు మాత్రం ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడిగా ఊగేది, అక్కడ హౌసింగ్ ఉండదు, మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపించిన చోటే పెట్టాలి. ఇంకోటి, గాలి దిగిన టైరుతో హౌసింగ్ కిందకి వచ్చేస్తుంది కాబట్టి మీ జాకీ మొత్తం దించితే అక్కడ దూరుతుందో లేదో కొనేముందే టేపు పెట్టి కొలుచుకోండి, గాలి ఉన్న స్టెప్నీ ఎక్కాలంటే ఎంత లేవాలో అది కూడా. పైన స్క్రూ ఉండి పొడుగయ్యేది తీసుకోండి. బాటిల్ జాకీని బండిలో పడుకోబెట్టి పడేస్తే ఆయిల్ కారుతుంది, నిలబెట్టి బెల్టుతో కట్టండి.

నాకు కోపం వచ్చేది ఈ యాక్సెసరీ షాపుల మీద. లైట్ బార్లు, స్నోర్కెల్, బోనెట్ మీద ఎర్ర జాకీ అన్నీ అమ్ముతారు, బండిని ఎక్కడ పట్టుకుని లేపాలో ఒక్కడు చెప్పడు. ఆ జాకీ ఎండకీ వానకీ దుమ్ము పట్టి ఉంటుంది, కడ్డీ రంధ్రంలో పిన్ను సరిగ్గా పడకపోతే హ్యాండిల్ ఎగిరొచ్చి దవడ మీద కొడుతుంది, దించేటప్పుడు ఇంకా డేంజర్.

అయినా హైలిఫ్టే కావాలంటే ముందు చాసిస్‌కి స్లైడర్లు వేయించుకోండి, పిన్నులకి నూనె వేసి బండి లోపల పెట్టుకోండి, కొట్టేటప్పుడు మొహం హ్యాండిల్ దారికి పక్కగా ఉంచండి.