నిట్టూర్పు అంటే ఊపిరి వదలడమేనా? ఎలా పలకాలి, ఎక్కడి మాట?

ఊపిరి వదలడమే. కానీ వదిలిన ప్రతి ఊపిరీ నిట్టూర్పు కాదు. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి "గట్టిగా పీల్చి వదలండి" అన్నప్పుడు మనం వదిలేది నిశ్వాసం. సైన్సు పుస్తకంలో మాట అది. మనసులో బరువుండి, మనకి తెలియకుండానే పొడుగ్గా బయటికొచ్చేస్తుందే, అది నిట్టూర్పు. దిగులు, నిరాశ, అలసట, ఏదో చేజారిపోయిందన్న బాధ, వీటిలో ఏదో ఒకటి వెనకాల ఉండాలి.

ఈ సంగతి నాకు మొట్టికాయ పడ్డాకే తెలిసింది. ఒకప్పుడు ఒక వారపత్రికకి ఇంగ్లీషు కథలు అనువాదం చేసేవాణ్ణి. ఒక కథలో తప్పిపోయిన పిల్లాడు దొరికాడని కబురొస్తుంది, తల్లి కుర్చీలో కూలబడుతుంది. నేను డిక్షనరీ చూసి "ఆమె నిట్టూర్చింది" అని రాసిచ్చాను. అక్కడ పనిచేసే పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇంతకీ పిల్లాడు దొరికాడా, పోయాడా?" అన్నారు. నా మాట ఎర్ర పెన్నుతో కొట్టేసి "హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది" అని రాశారు. చూడండి, గండం గడిచాక ఇంగ్లీషువాళ్ళు ఊపిరి వదులుతారు, మనం పీల్చుకుంటాం! ఇప్పటికీ వెబ్ సైట్లలో "ఆనందంతో నిట్టూర్చాడు" లాంటివి కనిపిస్తే నాకు ఆ ఎర్ర పెన్నే గుర్తొస్తుంది.

ఇక పుట్టుక. చాలామంది నిశ్వాసంలాగే ఇదీ సంస్కృతం అనుకుంటారు. కాదు, అచ్చ తెలుగు. నిడు + ఊర్పు. నిడు అంటే పొడవైన. సినిమా నిడివి అంటున్నామే, అందులో ఉన్నదీ అదే. ఊర్పు అంటే ఊపిరి. వెరసి పొడవాటి ఊపిరి. మరి డు పోయి ట్ట ఎలా వచ్చిందంటే, స్కూల్లో బట్టీపట్టిన ద్విరుక్తటకార సంధి గుర్తు తెచ్చుకోండి. కుఱు, చిఱు, కడు, నడు, నిడు అనే మాటల తర్వాత అచ్చు వస్తే ఆ ఱ, డ ల స్థానంలో ట్ట వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. చిట్టెలుక, కట్టెదురు, నట్టిల్లు అన్నీ ఆ బాపతే. కుట్టుసురు కూడా: కుఱు + ఉసురు, అంటే కురచ ప్రాణం. పొడుగు ఊపిరికీ పొట్టి ప్రాణానికీ ఒకే సూత్రం! పరీక్షల కోసం చదివిన రోజుల్లో నాకిది తట్టనే లేదు.

పక్క భాషల్లోనూ ఇదే పోత. కన్నడంలో నిట్టుసిరు, తమిళంలో నెట్టుయిర్ప్పు. వాళ్ళ ఉసిరు, ఉయిర్, మన ఉసురు చుట్టాలే. "వాడి ఉసురు తగులుతుంది" అంటామే, ఆ ఉసురే.

పలకడం సులువే: నిట్ - టూర్ - పు. టూ దీర్ఘం తప్పనిసరి, ఎందుకంటే అది ఊర్పులోని ఊ. కొందరు నిట్టుర్పు అని కురచ చేసేస్తారు. పొడుగు ఊపిరిని కురచ చేస్తే ఎలా? నిష్ఠూరంతో కలిపేసేవాళ్ళనీ చూశాను. అది ఎత్తిపొడుపు, దీనికి ఏమీ కాదు.

మా అమ్మమ్మ మాత్రం మధ్యలో ఉకారం చేర్చి "నిట్టూరుపు" అనేది. దీపాలు పెట్టే వేళ అమ్మ ఎప్పుడైనా అలా ఊపిరి వదిలితే, "సందెవేళ ఆ నిట్టూరుపులేంటే, లేచి మొహం కడుక్కో" అని కసిరేది. రాసేటప్పుడు మీరు నిట్టూర్పు అనే రాయండి.