మేడ మీదికి మాత్రం వెళ్లకు

బుజ్జీ,

కరీబియన్ సముద్రంలోని డొమినికాలో నీకు మెడికల్ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే కళ్లు చెమర్చాయి. నేను ఏడేళ్లు అనాటమీ పాఠం చెప్పిన ద్వీపానికే నువ్వు చదువుకోవడానికి వెళ్తున్నావు. ఆ వెంటనే "ఆగస్టులో ప్రయాణం" అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అక్కడ జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. ఆగస్టు, సెప్టెంబరు మరీ గడ్డు నెలలు. వెళ్లొద్దని చెప్పడానికి రాయడం లేదమ్మా, వెళ్లు. ఈ ఉత్తరం మాత్రం పూర్తిగా చదివి వెళ్లు.

టికెట్ కొనేటప్పుడు డొమినికన్ రిపబ్లిక్‌కి కొనకండి, అది వేరే దేశం. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు తడవని కవర్లో పెట్టుకో. మంచినీళ్లు, టార్చి, బ్యాటరీ రేడియో, మందులు, కొంత నగదు ఎప్పుడూ దగ్గర ఉండాలి. మంచం పక్కన మందపాటి అడుగున్న బూట్లు ఉండాలి. తెల్లారాక వీధంతా రేకులు, మేకులు, గాజుపెంకులే కాబట్టి చెప్పులు పనికిరావు. ఇవన్నీ మీ కాలేజీవాళ్లూ చెప్తారు.

వాళ్లు చెప్పనిది ఒకటుంది, నేను చేసిన తప్పు.

2017 సెప్టెంబరు. ఆ నెల మొదట్లోనే ఇర్మా తుపాను వచ్చి బార్బుడా ద్వీపాన్ని తుడిచిపెట్టేసింది, మమ్మల్ని వదిలేసింది. గండం గడిచిందనుకున్నాం. 17వ తేదీ సాయంత్రానికి మరియా అనే ఇంకో తుపాను అప్పుడప్పుడే హరికేన్, అంటే పెను తుపాను, అయింది. మర్నాడు, సోమవారం రాత్రి తొమ్మిది దాటాక, అన్నిటికన్నా పైదైన ఐదో కేటగిరీ బలంతో, గంటకు 260 కిలోమీటర్లు దాటిన గాలితో ద్వీపం మీద పడింది. నిన్నటి వార్తను నమ్ముకుని ఇవాళ ధీమాగా ఉండకు. గంటగంటకీ బులెటిన్ విను.

నా తప్పు అది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదేళ్లు. మీ అమ్మ ఇంకా పుట్టలేదు. మా వీధిలో మేడ ఎక్కినవాళ్లం బతికాం. కింద ఉండిపోయినవాళ్లలో చాలామంది మాకు మళ్లీ కనబడలేదు. అప్పట్నుంచీ తుపానంటే నాకు నీళ్లే. గాలి సంగతి నా బుర్రకెక్కలేదు.

రాజధాని రోజోలో నేనుండే ఇల్లు గుట్ట మీద, ఏటికి దూరంగా ఉండేది. కింది వాటాలో ఇంటావిడ, పై వాటాలో నేను. కింద గదులకి కాంక్రీటు శ్లాబు. పైన చెక్క వాసాలు, రేకుల కప్పు. ఆవిడకి అప్పటికే డెబ్బై దగ్గర పడ్డాయి. 1979లో డేవిడ్ తుపాను చూసిన మనిషి. సాయంత్రం కింది బాత్రూంలో పరుపు, నీళ్ల బకెట్టు, బైబిలు సర్దుకుని, "ప్రొఫెసర్, కిందికి రా" అని రెండుసార్లు పిలిచింది. నేనేం చేశానో తెలుసా? మా ఊరి ఉప్పెన కథ అంతా చెప్పి, ఆవిడ్నే పైకి రప్పించాను. చదువుకున్నవాడి మాట కదా అని నమ్మింది. నీళ్ల క్యాన్లు, రేడియో, కాగితాలు అన్నీ పైకి మోసుకెళ్లాను.

పది దాటాక ఒక మూల రేకు లేచింది. దభీదభీమని కొట్టుకుంటూ ఉంది, ఇంతలో ఆ వరుస మొత్తం కాగితంలా చిరిగిపోయింది. పైన కప్పు లేదు, నల్లటి ఆకాశం, ఒళ్లు కోసే వాన. ఆవిడ్ని పట్టుకుని మెట్లు దిగుతుంటే వాసం ముక్క ఒకటి వచ్చి తగిలి ఆవిడ పడిపోయింది. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఆ ఎముక గురించి ఎన్ని క్లాసులు చెప్పానో! టార్చి వెలుగులో చూస్తే చెయ్యి ఫోర్కులా వంగిపోయి ఉంది. తడిసిన న్యూస్‌పేపరు చుట్టి, నా లుంగీ చింపి కట్టాను. తెల్లారేదాకా ఆ బాత్రూంలోనే, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అదే గుచ్చుకుంటుంది.

ఆ రాత్రి ప్రధానమంత్రి ఇంటి కప్పే ఎగిరిపోయింది. దేశంలో పదింట తొమ్మిది కప్పులు దెబ్బతిన్నాయి. డెబ్బై వేలు దాటిన జనాభాలో చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిసి 65 మంది. పొద్దున్నే కొండలు చూస్తే చెట్టుకి ఆకు లేదు, అగ్గి పెట్టినట్టు గోధుమరంగు. ఏర్లు బురదతో, దుంగలతో పొంగి వంతెనల్ని కొట్టేశాయి. నష్టం ఆ దేశం ఏడాది సంపాదనకి రెండింతల పైనే అని లెక్క తేల్చారు.

అక్కడివాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు బుజ్జీ. మొదట పక్క ద్వీపాల నుంచి పడవల్లో నీళ్లు, బియ్యం వచ్చాయి. తర్వాత కప్పు కట్టే పద్ధతినే మార్చుకున్నారు: నాలుగు వైపులా వాలు, మేకుల బదులు స్క్రూలు, వాసాన్ని గోడకి బిగించే ఇనప పట్టీలు. నువ్వు గది చూసుకునేటప్పుడు వైఫై తర్వాత అడుగు. ముందు పట్టీలు ఉన్నాయా అని అడుగు. శ్లాబు కింద, కిటికీ లేని గది ఏదో చూసిపెట్టుకో. ఏటి ఒడ్డునా, కొండచరియ కిందా ఇల్లు మాత్రం వద్దే వద్దు. అక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్లు "కిందికి రా" అంటే నీ పుస్తకం మూసి కిందికి వెళ్లు.

ఇంకొకటి. టవర్లు కూలితే ఫోన్ ఉండదు. సొంత వైర్‌లెస్ సెట్టుతో మాట్లాడే హామ్ రేడియో ఆపరేటర్ ఒకాయన నా పేరు బయటికి పంపేదాకా అయిదు రోజులు మీ అమ్మ అన్నం ముట్టలేదు. నా మీద కోపంతో తర్వాత నెల రోజులు మాట్లాడలేదు కూడా. అందుకని వెళ్లేముందే దానికి చెప్పు, పది రోజులు ఫోన్ రాకపోయినా కంగారు పడొద్దని. చెప్పినా పడుతుంది. నేను పక్కన ఉంటాలే.

ఇంటావిడ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. అడ్రసు వేరే కాగితం మీద రాశాను. వెళ్లిన మొదటి ఆదివారమే చూసిరా. అక్కడ డాషీన్ అంటారు, మన చామదుంపే, ఉడకబెట్టి పెడుతుంది. వద్దనకుండా తిను. మాటల్లో పెట్టి ఆవిడ కుడి చెయ్యి ఒకసారి పట్టుకుని చూడు. మణికట్టు పూర్తిగా తిరుగుతోందా, గిన్నె ఎత్తేటప్పుడు నొప్పి పడుతోందా అని గమనించి, దాచకుండా నాకు రాయి.

మీ మామయ్య